కడిగినా పోని కాటుక

నందిపేట్‌లో భామ సారు స్మారక సభలో చేసిన ఉపన్యాసం, అచ్చు ప్రతి



ఈ ఉపన్యాసాన్ని చిన్న పుస్తకంగా వేస్తామని నిర్వాహకులు చెప్పినప్పుడు, సారు పేరు ఎట్లా వేయాలో అడుగుదామని వాళ్ళింటికి వెళ్ళాను. అమ్మ, అంటే సారు ఇల్లాలు, వాకిట్లో కూర్చుని ఉన్నారు. "రిజిస్టర్ల ఉన్న పేరుతోని ఆయనను ఈ ఊర్ల ఎవ్వరు పిలిచిండ్రు బిడ్డా? భామ సారు అనే వెయ్యుండ్రి" అన్నారు. అందుకే అచ్చులో కూడా ఆయన భామ సారుగానే ఉంటారు.

ఇక్కడున్న చాలామంది ఆయన్ను రెండు రకాలుగా చూశారు. పగలు తెల్ల అంగీ, చేతిలో చాక్‌పీసు, పదిహేడో ఎక్కం తప్పితే చెవి మెలిపెట్టే సారు. రాత్రి దీపాల వెలుగులో సత్యభామ. పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఆరబెట్టి, కొమ్ము వేరు మండ వేరు చేసి నిజామాబాద్ యార్డుకు తోలిన తర్వాత ఊళ్ళలో నాలుగు పైసలు ఆడేవి. జాతరలు, పెండ్లిళ్ళు అప్పుడే. ఆర్మూర్ చుట్టుపక్కల ఊళ్ళలో, గోదావరి ఒడ్డున ఉమ్మెడ దాకా, ఆ రోజుల్లో సారుకు నిద్ర ఉండేది కాదు.

ఆయన వేషం తీయడం నేను దగ్గరుండి చూశాను. నాకప్పుడు పన్నెండేళ్ళు ఉంటాయి. ఆట ముగిసేసరికి తూర్పున తెల్లబడింది. సారు బోరింగు దగ్గర కూర్చున్నారు. ముందు సవరం విప్పి, చిక్కు తీసి, పాత ధోతి గుడ్డలో చుట్టి, రేకు పెట్టెలో పసిపాపను పడుకోబెట్టినట్టు పెట్టారు. తర్వాత అరచేతిలో కొబ్బరినూనె పోసుకొని ముఖం మీది అర్దళం రుద్దారు. పచ్చటి రంగు నూనెలో కరిగి మెడ మీదికి జారింది. నేను బోరింగు కొడుతుంటే ముఖం కడుక్కున్నారు, సబ్బు రెండుసార్లు పెట్టారు. గాజులు తీసేటప్పుడు ఒకటి చిట్లి మణికట్టు మీద సన్నటి గీత పడితే, దాని మీద ఇంత పసుపు అద్దుకున్నారు. అన్నీ పోయాయి గాని కండ్ల అంచున కాటుక పోలేదు. "ఇంకా ఉన్నది సార్" అన్నాను. చిన్న అద్దంలో చూసుకొని, "ఉండనీ బిడ్డా, అది దాని తీరికగ పోతది" అన్నారు. ఆ కాటుకతోనే బడికి వచ్చి మాకు వడ్డీ లెక్కలు చెప్పారు.

ఒకసారి బడి చూడటానికి వచ్చిన అధికారి ఒకరు ఆ కండ్లను చూసి పిల్లల ముందే ఒక మాట అన్నారు. ఆ మాట నా నోటితో అనను. మన వీధుల్లో రోజూ వినబడేదే, మీకందరికీ తెలుసు. సారు బోర్డు వైపు తిరిగి లెక్క పూర్తి చేశారు. ఆ ఎండాకాలం మాత్రం వేషం కట్టలేదు. ఎంతమంది వచ్చి అడిగినా కదలలేదు. అంతకుముందు ఆయన ఆటకు ముందు వరుసలో కూర్చుని చదివింపులు చదివించిన పెద్దమనుషుల్లో ఒక్కరు కూడా ఆ మాట తప్పని అనలేదు.

ఈ రోజు నేను చెప్పదలచుకున్నదంతా ఆ కాటుక గురించే. మనం ఆడవేషం కట్టిన మగవాడికి హారతి పడతాం, శాలువా కప్పుతాం, పద్మశ్రీ ఇస్తాం. కాకపోతే తెల్లారేసరికి ఆ వేషం మొత్తం కడిగేయాలని లోలోపల షరతు పెట్టుకుంటాం. ఇవాళ ఫోను ముందు నిలబడి, మీసం మీసంలాగే ఉంచుకొని కండ్లకు కాటుక పెట్టుకొని, ఒక రోజు షేర్వానీ ఒక రోజు చీర కట్టుకొని వీడియోలు తీసుకుంటున్న పిల్లలతో మనకు వచ్చిన పేచీ అక్కడే ఉంది. వాళ్ళ ఆటకు తెర లేదు, తెల్లవారడం లేదు. ఆ ముఖంతోనే కిరాణా దుకాణానికి వస్తారు, బస్సెక్కుతారు.

స్థానం నరసింహారావు గారిని తలచుకుందాం. 1902లో బాపట్లలో పుట్టి, చింతామణిగా, చిత్రాంగిగా, రోషనారగా, సత్యభామగా రంగస్థలాన్ని ఏలారు. 1956లో పద్మశ్రీ వచ్చింది. తన అనుభవాలను 'నటస్థానం' పేరుతో పుస్తకంగా రాశారు. శ్రీకృష్ణ తులాభారంలో సత్యభామ కోసం ఆయన స్వయంగా ఒక పాట కట్టుకున్నారు. అదే పాటను 1966లో వచ్చిన సినిమాలో సుశీల గారు పాడితే జమున గారు అభినయించారు. ఒక మగనటుడు ఆడదాని గర్వాన్ని ఊహించి రాసుకున్న మాటలు చివరికి ఆడవాళ్ళ గొంతులోకి, ఆడవాళ్ళ నడకలోకి చేరాయి. జడ పట్టుకొని ఓరగా చూసే సత్యభామ ఎక్కడ నుంచి వచ్చిందని వెతుక్కుంటూ వెనక్కి పోతే మనకు చాలాచోట్ల మగవాడే కనిపిస్తాడు.

కూచిపూడిలో ఇది ఇంకా గట్టిగా ఉంది. ఆ అగ్రహారంలో పుట్టిన మగపిల్లవాడు బతుకులో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని సిద్ధేంద్రయోగి నియమం పెట్టాడని అక్కడివాళ్ళ నమ్మకం. భామాకలాపంలో భామ రాకముందే ఆమె జడ వస్తుంది. తెర మీదుగా జడను బయటికి వేలాడదీస్తారు. నన్ను మించినవాళ్ళు ఎవరైనా ఉంటే రండని సవాలు. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు ఆ జడకు కడదాకా మాట రానివ్వలేదు. 1970లో ఆయనకూ పద్మశ్రీ వచ్చింది. మన సారు ఆ ఊరు ఎప్పుడూ పోలేదు, ఆ నాట్యం నేర్చుకోలేదు. కానీ సవరం పెట్టెను తాకే ముందు చెప్పులు విడిచేవారు.

ఇతర చోట్ల కూడా ఈ కళకు పెద్దపీటే వేశారు. చైనాలో ఆడపాత్రల నటుడు మెయ్ లాన్‌ఫాంగ్ 1930లో అమెరికా పోయి ఆడి వచ్చారు. జపాన్ కబుకిలో బందో తామసబురో ఉన్నారు, మన పక్కన మహారాష్ట్రలో బాలగంధర్వ ఉండేవారు.

"చూడండి, ఇదంతా మన సంస్కృతిలో ముందునుంచీ ఉన్నదే" అని ఈ పేర్లు చూపి ఇవాళ్టి పిల్లల తరఫున వాదించేవాళ్ళున్నారు. వాళ్ళ మనసు మంచిదే. ఆ వాదన మాత్రం నాకు సగమే ఒప్పుదల. స్థానం వారు గాని శర్మ గారు గాని తాము ఆడా మగా అన్న ప్రశ్న వేసుకొని వేదిక ఎక్కలేదు. అది వాళ్ళ విద్య, వాళ్ళ వృత్తి. ఇంకో చేదు సంగతి కూడా ఉంది. కూచిపూడిలో మగవాడు భామ కట్టింది అక్కడి ఆడవాళ్ళను గజ్జె కట్టనివ్వలేదు కాబట్టి. ఆ వేషంలో కులగౌరవం కూడా ముడిపడి ఉంది. హర్షిత మృత్తింటి కామత్ 2019లో తెచ్చిన 'ఇంపర్సనేషన్స్' అనే పుస్తకం కూచిపూడి బ్రాహ్మణ మగవాళ్ళ స్త్రీవేషం గురించే. వేషానికీ ఆ కులపు మగతనానికీ ఉన్న పీటముడిని విడదీసి చూపించిన పుస్తకం అది. వేషం వేసినందుకు ఆ మగవాడి మగతనం తగ్గలేదు సరికదా పెరిగింది. అదే పని వీధిలో మరొకరు చేస్తే మాత్రం వెక్కిరింపు.

మన జిల్లాకు వద్దాం. బోధన్ దగ్గరి అమ్దాపూర్‌లో చిందు ఎల్లమ్మ ఉండేది. 2005లో పోయింది. మాదిగలకు కథ చెప్పి బతికే చిందువాళ్ళ కుటుంబం ఆమెది. చిన్ననాడే జోగినిగా విడిచారు. చిందు భాగోతంలో ఆడవాళ్ళు వేదిక ఎక్కుతారు, అవసరమైతే మగవేషమూ కడతారు. పక్క జిల్లాల్లో ఒగ్గు కథకులు చూడండి, డోలు మోగుతుంటే మీసాలున్న మనిషి కొంగు నడుముకు చెక్కి తల్లిగా ఏడుస్తాడు, మరుక్షణం రాజుగా గర్జిస్తాడు. తెర కూడా ఉండదు, అందరి కండ్ల ముందే మారుతాడు. ఈ పిల్లల వీడియోలకు దగ్గరి చుట్టం ఎవరని నన్ను అడిగితే నేను కూచిపూడిని చూపను, ఈ వాకిళ్ళను చూపిస్తాను. అయితే ఆ కళాకారులకు పద్మశ్రీ నడిచిన దారి చాలా పొడుగు. చిందు యక్షగానానికి గడ్డం సమ్మయ్య గారి రూపంలో ఆ గౌరవం దక్కింది 2024లో. వేషం ఒకటే అయినా అది ఏ వీధిలో కట్టారన్న దాన్ని బట్టి విలువ కట్టాం.

వీధి అన్నాను కాబట్టి ఒక చట్టం గురించి చెప్పాలి. మన నందిపేట్ నిజాం రాజ్యంలో ఉండగా, ఫసలీ 1329లో, అంటే 1919లో, హిజ్రాల మీద ఒక చట్టం వచ్చింది. బ్రిటిష్ ఇండియాలో 1871లో వచ్చిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం అడుగుజాడల్లోనే ఇదీ నడిచింది. సర్కారు ఒక పట్టీ పెట్టి వాళ్ళ పేర్లు, ఉండే చోట్లు రాసుకునేది. ఆ పట్టీలో పేరున్న మనిషి ఆడబట్టలు, నగలు వేసుకొని వీధిలో కనిపించినా, జనం మధ్య ఆడినా పాడినా వారంటు లేకుండానే పట్టుకుపోవచ్చు. రెండేళ్ళ దాకా జైలు. రాజు పోయాడు, రాష్ట్రాలు మారాయి, తెలంగాణ వచ్చింది. ఆ చట్టం మాత్రం పుస్తకంలో అట్లాగే కూర్చుంది. 2018లో వైజయంతి వసంత మొగ్లి తదితరులు హైకోర్టుకు పోతే, 2023 జూలై 6న ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భుయాన్, న్యాయమూర్తి సి.వి. భాస్కర్ రెడ్డి ఆ చట్టాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేశారు. నూటమూడేండ్లకు పైగా నిలిచిన చట్టం! మా సారు సత్యభామగా ఊరూరా ఆడిన అన్ని రోజులూ, అదే నేల మీద, అదే చీర కట్టిన ఇంకొక మనిషికి జైలు రాసిపెట్టి ఉంది. ఇద్దరి మధ్య తేడా ఒక్కటే. ఈయన పొద్దున్నే ముఖం కడుక్కొని బడికి పోతారు.

ఇట్లాంటి చోట దేవుళ్ళను సాక్ష్యం పిలవడం సులువు. అర్ధనారీశ్వరుడి పేరు చెప్పి ఈ వాదం గెలవాలని నాకు లేదు. దేవుడికి చెల్లినదాన్ని మనిషికి చెల్లనివ్వకపోవడం మనకు అలవాటే. కానీ మనుషులు కట్టుకున్న ఆచారాలు రెండు చెప్తాను. వేములవాడ రాజన్న గుడిలో శ్రీరామనవమి నాడు కళ్యాణం జరిగేటప్పుడు జోగినులు, శివసత్తులు, హిజ్రాలు చేతిలో త్రిశూలం పట్టుకొని, నెత్తిన తలంబ్రాలు పోసుకొని శివుణ్ణి పెండ్లాడతారు. ఆ రోజు వాళ్ళ కాళ్ళు మొక్కని ఇల్లాలు ఉండదు. రెండోది, వానలు మొఖం చాటేస్తే మన తెలుగు ఊళ్ళలో విరాటపర్వం చదివించేవారు. అర్జునుడు గాజులు తొడుక్కొని బృహన్నలగా ఉత్తరకు నాట్యం నేర్పే పర్వం అది. చెరువు ఎండితే మనం వినాలనుకున్న కథ, గాండీవం జమ్మిచెట్టు మీద పెట్టి జడ వేసుకున్న మనిషి కథ. దాన్ని తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

ఇక ఫోను.

జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో శ్రీరాం శ్రీకాంత్ మొదలుపెట్టిన మై విలేజ్ షో మనందరం చూశాం. పొలం గట్ల మీద బతికిన గంగవ్వ నోట్లోంచి వచ్చిన మాట దుబాయిలో, మస్కట్‌లో క్యాంపుల్లో ఉన్న మన పిల్లలను నవ్వించింది, ఏడిపించింది. మన యాసతో, మన ముఖంతో తెర మీదికి రావచ్చన్న ధైర్యం ఈ వైపు ఊళ్ళకు అట్లా వచ్చింది. ఆ వరుసలోనే, ఎవరికీ చెప్పుకోలేక లోపల దాచుకున్న పిల్లలు కూడా ఫోను తీశారు. అద్దం ముందు తలుపేసుకొని చేసుకున్నదాన్ని టిక్‌టాక్‌లో పెట్టారు. 2020 జూన్ 29న 59 చైనా యాప్‌లను సర్కారు నిషేధించినప్పుడు దేశభద్రత గురించి చాలా మాట్లాడుకున్నాం. ఒక్క రాత్రిలో తమ ముఖం పోగొట్టుకున్న ఆ పిల్లల సంగతి ఎవరికీ పట్టలేదు. వాళ్ళలో కొందరు మళ్ళీ ఇన్‌స్టాగ్రామ్‌లో, యూట్యూబ్‌లో మొదటినుంచి మొదలుపెట్టారు. కొందరు ఆపేశారు.

టీవీ కూడా కొంత దారి వేసింది, కొంత చెరిపింది. జబర్దస్త్‌లో ఆడవేషం కట్టిన మగవాణ్ణి చూసి ఇంటిల్లిపాదీ నవ్వడం నేర్చుకున్నాం. ఆ వేదిక నుంచే వచ్చిన ప్రియాంక సింగ్ 2021లో బిగ్ బాస్ ఇంట్లో తానెవరో తాను చెప్పుకుంటే మాత్రం నవ్వు ఆపి విన్నవాళ్ళు ఉన్నారు. అంతకు ముందు 2019లో తమన్నా సింహాద్రి కూడా అదే ఇంటికి వెళ్ళారు.

హైదరాబాద్‌లో పట్రుని చిదానంద శాస్త్రి అనే కళాకారుడు ఉన్నారు. శాస్త్రీయ నృత్యం నేర్చిన మనిషి. డ్రాగ్ అనే కళను, అంటే ఆడామగా గుర్తులను కావాలని పెంచి, కలిపి, తారుమారు చేసి ఆడే ప్రదర్శనను చేస్తారు. డ్రాగ్‌వంతి పేరుతో దేశంలో ఈ కళ చేసేవాళ్ళను ఒకచోటికి తెచ్చారు. ఆయన ముఖానికి పెట్టుకునే రంగులు అందంగా కనబడాలని పెట్టుకునేవి కావు. ఒక్కోసారి చూస్తే భయం వేస్తుంది. చూసేవాళ్ళు ఆడా మగా అని తేల్చుకోలేక ఇబ్బంది పడే ఆ క్షణమే ఆయన కళ అని నాకు అర్థమైంది. నాకు మొదట నచ్చలేదు, నిజం చెప్పాలి. సత్యభామను చూసి పెరిగిన కండ్లు నావి. మూడోసారి చూసినప్పుడు, ఇది తెల్లారినా కడగని ముఖం అని తోచింది. అప్పటినుంచి చూస్తూనే ఉన్నాను.

ప్యారిస్‌లో 2011లో ఆండ్రెయా పేజిచ్ అనే మోడల్ ఒకే కాలంలో మగవాళ్ళ బట్టలకూ ఆడవాళ్ళ బట్టలకూ నడిచింది. జాన్ పాల్ గోతియే అనే పేరుమోసిన దర్జీ ఆమెకు పెండ్లికూతురి గౌను తొడిగి నడిపించాడు. బోస్నియా యుద్ధం నుంచి పారిపోయి ఆస్ట్రేలియాలో కాందిశీకులుగా తలదాచుకున్న కుటుంబం ఆమెది. 2014లో తాను స్త్రీనని లోకానికి చెప్పింది. అందరూ అట్లా చెప్పాలని లేదు. కొందరు రెండింటి మధ్యే ఇల్లు కట్టుకుంటారు. వేషం వేరు, మనసు ఎవరి వైపు మొగ్గుతుందన్నది వేరు, నేనెవరు అన్నది వేరు. ఈ మూడింటినీ ఒకే బూతుమాటలో కుక్కడం మన తప్పు.

దీనికి మన భాష దగ్గర ఒక మంచి సదుపాయం ఉంది. హిందీలోనో ఉర్దూలోనో "నేను వస్తున్నాను" అనాలంటే మొదట ఆడో మగో తేల్చుకోవాలి, లేకపోతే క్రియ కుదరదు. తెలుగులో "నేను వస్తున్న" అంటే చాలు. "నువ్వు వచ్చినవా" అన్నా అంతే. చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణం రాసి మహత్తు, అమహత్తు అని విడగొట్టినా, నేను దగ్గర, నువ్వు దగ్గర, మేము దగ్గర ఆ గీత గీయలేకపోయాడు. "అతడు", "ఆమె" అన్నప్పుడే, అంటే ఎదుట లేని మనిషి గురించి మాట్లాడుకునేటప్పుడే మనకు ఆ తగువు వస్తుంది. ఎదురుగా కూర్చుని నువ్వూ నేనూ అనుకుంటే రాదు. ఇంతసేపూ నేను నా గురించి ఎన్నో చెప్పాను. ఇక్కడున్నవాళ్ళకు నేను కనబడుతున్నాను. రేపు ఈ పుస్తకం చదివేవాళ్ళు నేను ఆడో మగో ఒక్క మాటలో అయినా పట్టుకోగలరేమో చూడమనండి.

ఇక సారు చివరి రోజుల్లో జరిగినది చెప్పి కూర్చుంటాను.

మన మండలంలోనే ఒక పిల్లగాడున్నాడు. ఊరు చెప్పను. నాకు తెలిసినవాళ్ళ అబ్బాయి. ఒక రోజు నాకొక వీడియో పంపించాడు. కల్లంలో పసుపు ఆరబోసి ఉంది. ఫోనును గోనెసంచికి ఆనించినట్టున్నాడు, కింది మూలన గోనెపట్టు కనబడుతుంది. నాన్న లుంగీ, పైన అక్క చున్నీ, చెవులకు జుంకాలు, కండ్లకు కాటుక, నూనూగు మీసం. పాట లేదు, మాట లేదు. పచ్చటి కుప్పల మధ్య నుంచి నడుచుకుంటూ వచ్చి, ఆగి, మెడ తిప్పి చూస్తాడు. నిమిషం కూడా ఉండదు.

సారు అప్పటికి మంచం దిగడం లేదు. తీసుకుపోయి చూపించాను. చూపించాలా వద్దా అని దారిపొడుగునా ఆలోచిస్తూనే పోయాను. ఆయన అద్దాలు పెట్టుకొని మూడుసార్లు చూశారు. ఆ తర్వాత పాత లెక్కల సారు గొంతుతో అన్నారు: "నడక మంచిగున్నది. చూపు తొందరపడ్డది. ముందుగాల మెడ తిరగాలె, ఆగాలె, ఆ తర్వాత చూపు రావాలె. ఇతను రెండూ ఒక్కపారే తిప్పిండు. చెప్పు." అంతే. మగవాడివి కదా చున్నీ ఎందుకని గాని, ఇదేం పాడుబుద్ధి అని గాని అనలేదు. శభాష్ అని కూడా అనలేదు. తప్పు దిద్దారు.

నేను ఆ మాటలను మాటకు మాటగా రాసి పంపాను. నాలుగు రోజులకు ఇంకొక వీడియో వచ్చింది. అదే కల్లం, అదే గోనెసంచి. ఈసారి మెడ తిరిగింది. ఆగింది. ఆ తర్వాత చూపు వచ్చింది. సారుకు చూపించినప్పుడు చాలాసేపు ఫోను పట్టుకొనే ఉన్నారు. "ఇగో, ఇప్పుడు కాటుక కనబడ్డది" అన్నారు.

ఆ పిల్లగాడు ఈ సభకు వచ్చాడో లేదో నాకు తెలియదు, వెతకలేదు. వచ్చి ఉంటే అమ్మ నన్ను ఒక కబురు చెప్పమన్నారు. సవరం ఉన్న రేకు పెట్టె ఇంట్లో దేవుని అర్ర పక్కన పెట్టారట. చిక్కు పడ్డది, కొబ్బరినూనె పెట్టి నిదానంగ తీసుకోవాలె అని చెప్పమన్నారు. పొద్దుగూకినంక ఏ దినమైనా రావచ్చు.